చక్కెర గులాబీలు, గోడ మీద కన్ను

రిమోట్ బీరువాలోకి వెళ్ళిపోయిన రోజున పూలావిడ ఏడవలేదు, అరవలేదు. "సరే, చూద్దాం" అంది, అంతే. పాతికేళ్ళ కాపురంలో ఆ రెండు మాటల బరువు తెలిసిన మొగుడెవడైనా అప్పుడే బీరువా తెరిచి, రిమోట్ తెచ్చి చేతికిచ్చి, లెంపలు వేసుకునేవాడు. ఆయనకీ ఆ బరువు తెలుసు. కానీ ఆ పూట ఆయన మొహం కొత్త యంత్రం కొన్నవాడి మొహంలా వెలిగిపోతోంది. అలాంటప్పుడు మగాళ్ళకి చెవులు పనిచేయవు.

పూలావిడ అంటే పూలమ్మే ఆవిడ కాదు. పెళ్ళి కేకుల మీద పెట్టే చక్కెర పూలు చేస్తుంది. చక్కెర ముద్దని కాగితమంత పల్చగా ఒత్తి, రేకులు కోసి, సన్నటి తీగ చుట్టూ ఒక్కో రేకూ అతికించి గులాబీ చేసిందంటే, పక్కన నిజం గులాబీ పెట్టినా ఏది ఏదో చెప్పాలంటే ముక్కుతోనే పని. ఇంటి వెనకవైపు గది ఆవిడ పనిగది. దాని కప్పు మీద పొద్దున్నించీ సాయంత్రం దాకా ఎండే. అందుకే ఆ గదికి ఏసీ పెట్టించుకుంది. తన ఒంటికి చల్లగా ఉండాలని కాదు. గాలిలో చెమ్మ చేరితే రేకులు మెత్తబడి పూలు తలలు వాల్చేస్తాయి, ఒకసారి వాల్చిన తల మళ్ళీ ఎత్తవు.

ఆయన ఒక పెద్ద హోటల్లో రిసెప్షన్ మేనేజరు. రోజూ పొద్దున్నే హాల్లో అద్దం ముందు నిలబడి టై కట్టుకుంటాడు. ముడి గొంతు కింద సరిగ్గా త్రికోణంలా కూర్చోవాలి. కూర్చోకపోతే విప్పి మళ్ళీ కడతాడు, ఆఫీసు కారు కింద హారన్ కొడుతున్నా సరే. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఆయనకి అతిథులందరి మీదా ఒక్కటే కక్ష. హోటల్ గదుల్లో తలుపు పక్కన కార్డు గుచ్చే చోటుంటుంది. అతిథి కార్డు తీసుకుని బయటికి వెళితే ఏసీ దానంతట అదే ఆగిపోవాలి. కానీ వాళ్ళు తెలివి మీరిపోయారు. ఆ కన్నంలో ఏదో ఒక విజిటింగ్ కార్డు గుచ్చేసి, ఏసీని అలా తిరగనిచ్చి, ఊరు చూడ్డానికి పోతారు.

"ఖాళీ గదికి చలెందుకే? కుర్చీలకా, మంచానికా?" అని రోజూ ఇంటికొచ్చి వాపోయేవాడు.

హోటల్లో తీరని ఆ కక్ష ఇంట్లో తీర్చుకున్నాడు. పనిగది గోడకి సబ్బుపెట్టంత తెల్ల డబ్బా ఒకటి తగిలించాడు. ఇకమీదట రిమోట్ బదులు ఏసీతో మాట్లాడేది అదే. తలుపు పైన కదలికని కనిపెట్టే కన్ను ఒకటి అంటించాడు. ప్లగ్గు దగ్గర యూనిట్లు చెప్పే చిన్న మీటరు అంతకు నెల ముందే పెట్టి ఉంచాడు. అన్నిటినీ తన ఫోనుకి కలిపి, ఒక నియమం రాశాడు. పదిహేను నిమిషాలు గదిలో కదలిక లేకపోతే ఏసీ ఆగాలి. మళ్ళీ ఎవరైనా కదిలితే తిరగాలి. అచ్చం హోటల్ గదిలాగే, కాకపోతే ఇక్కడ విజిటింగ్ కార్డు గుచ్చడానికి కన్నం లేదు.

"మరి నా రిమోట్?" అందావిడ.

"రిమోట్ ఉంటే నువ్వు నొక్కుతావు. నువ్వు నొక్కితే నా లెక్క తప్పుతుంది."

"ఆ గది నాది. అందులో ఎప్పుడు చల్లగా ఉండాలో ఫోను చెబుతుందా నాకు?"

"నెల రోజులు చూడు. పోయిన నెల నీ చేతిలో ఏసీ తాగింది నూటనలభై ఎనిమిది యూనిట్లు. ఈ నెల ముప్పయ్యో తారీఖు పొద్దున ఎనిమిదింటికి రీడింగ్ అంతకు ఒక్క యూనిట్ ఎక్కువొచ్చినా, ఈ సరంజామా అంతా పీకేసి రిమోట్ నీ చేతికిస్తాను. తక్కువొస్తే మాత్రం రిమోట్ ఇక బీరువాలోనే."

తీర్పు చెప్పడానికి ఆయన అక్కని పెట్టుకున్నారు. పూలావిడకి వదిన. ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇప్పటికీ ఇంజను చప్పుడు మీద మాట్లాడుతున్నట్టే మాట్లాడుతుంది. ఫోనులో విషయం విని, "ఇద్దరికీ పనిలేదురా" అని, "ముప్పయ్యో తారీఖు ఆదివారమే, నాలుగింటికి వస్తా, టీ పెట్టి ఉంచండి" అంది.

అక్కడితో "సరే, చూద్దాం" అనేసి పూలావిడ పనిగదిలోకి వెళ్ళి కూర్చుంది. కూర్చుంటే ఆవిడ కదలదు. అదే ఆవిడ పనితనం. గులాబీ రేకు అంచుని కొసన గుండున్న చిన్న కర్రతో నొక్కుతూ పల్చన చేసేటప్పుడు ఊపిరి కూడా లెక్కగా తీస్తుంది. కదిలేది మహా అయితే రెండు వేళ్ళు. పదిహేనో నిమిషానికి తలుపు పైన కన్ను గదంతా కలయజూసి, ఇక్కడెవరూ లేరని తేల్చేసింది. టప్పుమని ఏసీ ఆగింది.

ఆవిడ తలెత్తి, చెయ్యి గాల్లో ఊపింది. ఏసీ మళ్ళీ బుస్సుమంటూ మొదలైంది. పదిహేను నిమిషాలకి మళ్ళీ టప్పు. మళ్ళీ చెయ్యి. సాయంత్రానికి భుజం లాగింది. బతికున్నట్టు పావుగంటకోసారి సాక్ష్యం చెప్పుకోవాల్సి రావడం ఆవిడకి అప్పటిదాకా ఎక్కడా తటస్థపడలేదు, అత్తగారింట్లో కూడా.

అయితే రాత్రి భోజనాల దగ్గర ఆయన ఫోను తీసి రీడింగ్ చదివాక ఆవిడ ప్రాణం లేచొచ్చింది. మొదటి రోజు ఆరు యూనిట్లు! పోయిన నెల రోజుకి అయిదు కూడా పడలేదు.

"మొదట్లో అలాగే ఉంటుంది. అది నేర్చుకోవాలి" అన్నాడాయన.

"నేర్చుకోనివ్వండి పాపం, చిన్నపిల్ల" అందావిడ, కూర వడ్డిస్తూ.

అది నేర్చుకోలేదు. పదిహేనో తారీఖుకి ఎనభై నాలుగు యూనిట్లు తాగేసింది. ఆయన ముద్ద మింగడం తగ్గించాడు. ఆవిడ మాత్రం గిన్నెలు కడుగుతూ కూనిరాగాలు తీసింది. ఇంకో పదిహేను రోజులు ఏమీ చేయకుండా కూర్చుంటే చాలు, రిమోట్ దానంతటదే నడిచొస్తుంది. కానీ పదిహేడో తారీఖు మధ్యాహ్నం ఆవిడ బజారుకెళ్ళి రెండు గంటల తరవాత తిరిగొచ్చి పనిగది తలుపు తీసేసరికి, లోపల ఉక్క. బల్ల మీద ఆరబెట్టిన నలభై గులాబీలూ తలలు వేలాడేసుకుని ఉన్నాయి.

అవి మామూలు గులాబీలు కావు. నెలాఖరు సోమవారం ఒక పెళ్ళి ఉంది. మూడంతస్తుల కేకు, దాని చుట్టూ పై నుంచి కిందకి జారే నూట ఇరవై గులాబీలు. అంత పెద్ద పని ఆవిడకి ఎప్పుడూ రాలేదు. చచ్చిపోయిన నలభై గులాబీల ముందు నిలబడి, ఆవిడకి నిజంగానే కళ్ళనీళ్ళు తిరిగాయి. తరవాత కోపం వచ్చింది. ఆ తరవాత, కోపం చల్లారకముందే, ఒక ఆలోచన వచ్చింది.

కేకు పెట్టెలకి కట్టే తెల్ల రిబ్బను బారెడు కోసింది. దాని కొసకి ఒక స్టీలు చెంచా వేలాడదీసింది. కుర్చీ ఎక్కి, ఏసీ గాలి సూటిగా తగిలేచోట పరదా కడ్డీకి కట్టింది. తన అలవాటు ముడే, సీతాకోకచిలుక రెక్కల్లా రెండువైపులా విచ్చుకునేది. ఏసీ ఊదింది. చెంచా ఊగింది. తలుపు పైన కన్ను ఆ ఊగే చెంచాని చూసి, ఆహా, గదిలో మనిషి ఉన్నారనుకుంది. మనిషి ఉన్నారు కాబట్టి ఏసీ తిరిగింది. ఏసీ తిరిగింది కాబట్టి చెంచా ఊగింది. ఆవిడ గుమ్మంలో నిలబడి ఇదంతా చూసి, గడిచిన పదహారు రోజుల్లో మొదటిసారి కడుపారా నవ్వుకుంది. ఒక దెబ్బకి రెండు పిట్టలు. పూలు బతుకుతాయి, ఏసీ పగలంతా ఆగకుండా తిరుగుతుంది గనక యూనిట్లు ఇంకా పేలిపోతాయి. సాయంత్రం ఆయన వచ్చే వేళకి చెంచా తీసి రిబ్బనుని పరదా వెనక్కి నెట్టేస్తే సరి.

రెండు రోజులయ్యాక ఆయన ఫోనులోంచి తలెత్తాడు.

"ఈమధ్య పనిగదిలో బాగా కదులుతున్నావే! పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరుదాకా ఒకటే కదలికట."

"కూర్చునే ఉంటే నడుం పట్టేస్తుందని డాక్టరు చెప్పలేదూ?"

"మధ్యాహ్నం పన్నెండింటికి నువ్వు బజార్లో ఉన్నానని ఫోన్ చేశావు కదా?"

"బజారు నుంచే కదులుతున్నా" అని, మజ్జిగ గ్లాసు ఆయన ముందు ఠక్కున పెట్టింది. ఆయన ఇంకేదో అడగబోయి, గ్లాసు చప్పుడు విని మానుకున్నాడు.

కానీ ఆ రాత్రి రీడింగ్ విని ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. నాలుగూ పావు. మర్నాడు నాలుగూ చిల్లర. ఆ మర్నాడూ అంతే. పగలంతా తిరుగుతున్న ఏసీ, ఆగి ఆగి తిరిగినప్పటికన్నా తక్కువ తాగుతోంది! పోయిన నెల తను నొక్కినప్పటికన్నా తక్కువే. ఇదేం చోద్యమో ఆవిడకి అర్థం కాలేదు. ఒక్కటి మాత్రం బాగా అర్థమైంది, తను తీసిన గోతిలో తనే పడుతోంది.

"చెప్పానా, నేర్చుకుంటుందని!" ఆయన ఇప్పుడు రెండోసారి అన్నం కలుపుకుంటున్నాడు.

రిబ్బను పీకేస్తే యూనిట్లు మళ్ళీ పెరుగుతాయి, రిమోట్ వస్తుంది. కానీ పూలు పోతాయి. ఉంచితే పూలుంటాయి, రిమోట్ పోతుంది. ఒకరోజు ఆవిడ గుండె రాయి చేసుకుని చెంచా విప్పేసింది. పావుగంటకి ఏసీ ఆగింది. అరగంటకి బల్ల చివరున్న గులాబీ రేకు ఒకటి వేలికి అంటుకుంది. ఆవిడ గబగబా కుర్చీ ఎక్కి చెంచా మళ్ళీ కట్టేసింది. "మీ కోసం నా గదిలో నేనే అతిథినైపోతున్నా" అని పూలని తిట్టింది. పూలు ఏమీ అనలేదు, చక్కగా తలెత్తుకుని నిలబడ్డాయి.

ఇరవై రెండో తారీఖున ఒక చిన్న సంగతి జరిగింది. ఆ రోజు ఆయనకి సెలవు, అయినా పూలకోసం చెంచాని ఊగనిచ్చి తలుపు దగ్గరికి వేసింది. ఆవిడ తీగ చుట్టలు కొనడానికి పొద్దున్నే బయల్దేరుతూ, పరదా కడ్డీ మీద ముడి వదులైందని చూసింది. వచ్చాక బిగిద్దామనుకుంది. తిరిగొచ్చి చూస్తే ముడి గట్టిగానే ఉంది. బయల్దేరే హడావిడిలో తనే బిగించి ఉంటానని అనుకుని, పని మీద పడింది. ఇంకా యాభై గులాబీలు చేయాలి.

ముప్పయ్యో తారీఖు ఆదివారం రానే వచ్చింది. నూట ఇరవై గులాబీలూ పూర్తయి బల్లమీద బారులు తీరి ఉన్నాయి. పొద్దున ఏడింటికి ఆవిడ మాసిపోయిన తెల్ల రిబ్బను తీసేసి, కొత్త గులాబీరంగు రిబ్బను కట్టింది. ఎనిమిదింటికి ఆయన హాల్లో ఫోను పట్టుకుని, రీడింగ్ గట్టిగా చదివాడు. నూటనలభై నాలుగు.

"నాలుగు తక్కువ!" అన్నాడు. కానీ ఆవిడ ఊహించినట్టు ఎగిరి గంతెయ్యలేదు. ఫోను జేబులో పెట్టుకుని పేపరు తిరగేశాడు. ఓడిపోయినవాళ్ళ ముందు గంతులెయ్యకూడదన్న ఇంగితం ఇన్నాళ్ళకి వచ్చిందనుకుంది. తొమ్మిదింటికి కేకు స్టాండు దింపిరావడానికి పెళ్ళిహాలుకి వెళ్ళింది. తిరిగొచ్చి వంటింట్లో చతికిలబడి, రిమోట్ ఇక లేదన్న సంగతి అలవాటు చేసుకోసాగింది. పనిగదిలోకి పోవడానికి కూడా మనసు రాలేదు.

నాలుగింటికి వదిన వచ్చింది. టీ ఊదుకుంటూ ఆయన ఫోనులో గీతలు చూసింది. మొదటి పదహారు రోజులు రంపం పళ్ళలా ఎత్తుపల్లాలు. తరవాత చదునుగా, తారు రోడ్డులా ఒకే గీత.

"ఇదేంట్రా ఇక్కడ, ఇప్పుడు 'గదిలో మనిషి ఉన్నారు' అంటోంది? మనం ముగ్గురం ఇక్కడే ఉన్నాంగా. లోపలెవరు?"

పూలావిడ గతుక్కుమంది. విచిత్రం, ఆయనా గతుక్కుమన్నాడు. "అబ్బే, అది యంత్రం కదక్కా, ఒక్కోసారి అలా... టీ చల్లారిపోతోంది, తాగు" అంటూ ఫోను లాక్కోబోయాడు. దొంగకి తేలు కుట్టినట్టున్న ఆ మొహం చూసి పూలావిడకి అనుమానమేసింది. తప్పు చేసింది తనైతే ఈయన కప్పిపుచ్చుతాడేం?

ముప్ఫై ఏళ్ళు టికెట్లేని వాళ్ళని అద్దంలోంచే పట్టిన మనిషి వదిన. లేచి వెళ్ళి పనిగది తలుపు తీసింది. ఏసీ ముందు గులాబీరంగు రిబ్బను కొసన స్టీలు చెంచా తాపీగా ఊగుతోంది, రండి రండి అన్నట్టు.

వదిన నవ్విన నవ్వుకి బల్ల మీద పూలు అదిరాయి.

"నేనే వదినా" అంది పూలావిడ, ఇక దాచి లాభం లేదని. "పదిహేడో తారీఖున కట్టాను. పూలు చచ్చిపోతున్నాయి. పందెంలో దొంగాట ఆడాను, ఒప్పుకుంటున్నా. రిమోట్ బీరువాలోనే ఉంచుకోమను మీ తమ్ముణ్ణి."

అలా అంటూ చెంచా విప్పబోయి, చెయ్యి ఆపేసింది. ముడి రెక్కలు విచ్చుకుని లేదు. నున్నగా, బిగువుగా, సరిగ్గా త్రికోణంలా కూర్చుని ఉంది. ఇలాంటి ముడి ఆ ఇంట్లో రోజూ పొద్దున హాలు అద్దం ముందు పుడుతుంది.

"వదినా, రిబ్బను నాదే" అంది మెల్లిగా. "ముడి మాత్రం నాది కాదు."

ఇద్దరూ ఆయనవైపు తిరిగారు. ఆయన చెయ్యి దానంతటదే మెడ దగ్గరికి పోయింది, ఆదివారం కాబట్టి అక్కడ టై లేదు.

"ఇరవై రెండున చూశాను" అన్నాడు, గొంతు సవరించుకుని. "చెంచా కింద పడి ఉంది. విషయం అర్థమైంది. గీత అప్పటికే చదునుగా వస్తోంది. నా నియమం తప్పు, నీ రిబ్బను రైటు. ఆ ముక్క చెబితే నేను ఓడిపోతాను. అందుకని... మళ్ళీ కట్టేశాను."

"హోటల్లో విజిటింగ్ కార్డు గుచ్చేవాళ్ళని తిట్టే నోరేనా ఇది?" అంది పూలావిడ.

"ఆ నోరే" అన్నాడాయన, నేలచూపులు చూస్తూ.

వదిన కుర్చీ లాక్కుని మధ్యలో కూర్చుంది. "ఒరేయ్, ప్రతి స్టాపులో ఇంజను ఆపేసి, మళ్ళీ స్టార్ట్ చేసి, మళ్ళీ ఫుల్లుగా తొక్కితే బండి డీజిలు తాగుతుందా, తాగదా? అదే ఒకే గేరులో మెల్లిగా లాక్కుపోతే? పైన కప్పు పెనంలా కాలుతోంది. నువ్వు ఆపినప్పుడల్లా గది వేడెక్కుతుంది, మళ్ళీ చల్లబరచడానికి అది రొప్పుకుంటూ తిరుగుతుంది. పోయిన నెల ఈవిడా భోజనానికి లేచినప్పుడల్లా ఆపేది కదూ? ఇద్దరికీ డ్రైవింగు రాదు. చెంచాకొచ్చు." టీ గ్లాసు కింద పెట్టింది. "దొంగాట ఇద్దరూ ఆడారు, పందెం రద్దు. గది ఎవరిదో, రిమోట్ వాళ్ళది. వెళ్ళి తేరా."

ఆయన బీరువా దగ్గరికి వెళ్ళాడు. పూలావిడ ఆ గులాబీరంగు ముడినే చూస్తూ నిలబడింది. ఏదో లెక్క కుదరలేదు. తెల్ల రిబ్బను ముడి ఆయన కట్టింది సరే. ఈ రిబ్బను కొత్తది. ఇవాళ ఏడింటికి తన చేత్తో కట్టింది, రెక్కల ముడే వేసింది. ఎనిమిదింటికి రీడింగ్ అయిపోయింది.

ఆయన రిమోట్ తెచ్చి చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని చూడనైనా చూడలేదు.

"ఇది ఎప్పుడు కట్టారు?"

"పదింటికి. నువ్వు స్టాండు దింపడానికి వెళ్ళావు కదా. లోపల చెంచా పడ్డ చప్పుడైంది."

"పందెం ఎనిమిదింటికే అయిపోయిందిగా. గెలిచారుగా. ఇంకెందుకు కట్టడం?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "నూట ఇరవై ఉన్నాయి కదే" అన్నాడు బల్లవైపు చూపించి. "రోజూ చూస్తూనే ఉన్నాను, ఊపిరి బిగబట్టి చేశావు."

పూలావిడ ఆయన మొహంలోకి చూసింది. ఈ మనిషి మీద నెల రోజులుగా దాచుకున్న కోపం ఎక్కడ పెట్టిందో ఎంత వెతికినా కనబడలేదు. ఆ తడబాటు వదిన కంట పడకుండా గభాల్న రిమోట్ ఏసీ వైపు ఎత్తి నొక్కింది. కిక్కురుమనలేదు. మళ్ళీ నొక్కింది. వెనక మూత తీసి చూసింది. లోపల ఖాళీ.

"ఇందులో బ్యాటరీలేవి?"

ఆయన తలుపు పైకి చూపించాడు. "కన్నులో వేశాను. బీరువాలో ఊరికే పడుంటాయి కదా అని..."

వదిన మళ్ళీ నవ్వడానికి గోడ పట్టుకుంది. ఆదివారం సాయంత్రం, సందు చివర కొట్టు కూడా మూసేసి ఉంటుంది. పెళ్ళి రేపే. పూలావిడ తన చేతిలో రిమోట్‌నీ, తలుపు పైన కన్నునీ, బల్ల మీద పూలనీ ఒకసారి చూసింది. బ్యాటరీలు విప్పి తెచ్చుకోవడం రెండు నిమిషాల పని. కన్ను మూతపడుతుంది, గది మళ్ళీ పూర్తిగా తనదవుతుంది. ఆయన ఆ పనికే కుర్చీ జరుపుకుంటున్నాడు.

"ఉండండి. రేపు కేకు వెళ్ళిపోయేదాకా ఇలాగే ఉండనివ్వండి" అంది. రిమోట్ ఎప్పటిలా మేకుకి తగిలించి, చుట్టలోంచి ఇంకో బారెడు రిబ్బను కోసి ఆయన చేతిలో పెట్టింది. "ఇంకోటి కట్టండి, ఒకటి ఊడినా ఇంకోటి ఉంటుంది. మీరే కట్టండి. నా ముడి ఊడిపోతోంది."